గేటు దగ్గర నిలబడే మనిషి బూటు లోపల ఏముందో ఒక్కసారి చూడండి

తెలంగాణలో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకు లైసెన్సులు ఇచ్చే నియంత్రణాధికారి గారికి, ఆ ఏజెన్సీల యజమానులకు, గార్డులను పెట్టుకున్న అపార్ట్‌మెంట్ సంఘాలకు, మాళ్ల, ఆసుపత్రుల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో పడమటి దిక్కున, కొత్తగా లేచిన పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల నడుమ, ఒక బస్టాపు పక్కన కూర్చుని 22 ఏళ్లుగా చెప్పులు, బూట్లు బాగుచేస్తున్నాను. మా తాత నల్లగొండ జిల్లాలో లంద (తోళ్లు నానబెట్టే తొట్టి) పెట్టి తోళ్లు ఊని, కిర్రు చెప్పులు కుట్టి రైతులకు ఇచ్చినవాడు. నేను డిగ్రీ దాకా చదువుకున్నాను గానీ, చివరికి మా నాన్న ఆరె, రంపె (తోలు కుట్టే, కోసే పనిముట్లు) పట్టిన చోటనే కూర్చున్నాను. నా దగ్గరకు వచ్చే బేరంలో సగానికి సగం చుట్టుపక్కల గేట్ల దగ్గర, మాళ్లలో, ఆసుపత్రుల్లో కాపలా కాసే సెక్యూరిటీ గార్డులదే. యూనిఫాంతో పాటు వారికి ఇస్తున్న నల్ల బూట్లు వారి పాదాలను ఏం చేస్తున్నాయో రోజూ చూస్తున్నాను. ఆ సంగతి మీ ముందుంచడానికే ఈ లేఖ.

ఇది నా మొదటి ప్రయత్నం కాదు. 2024 వానాకాలంలో ఒక ఏజెన్సీ కార్యాలయానికి వెళ్లి, విప్పదీసిన బూటు జత ఒకటి వారి బల్ల మీద పెట్టి, వినతిపత్రం ఇచ్చి వచ్చాను. రెండు నెలలు చూసి అదే విషయాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగి వచ్చింది గానీ జవాబు రాలేదు. ఆ గార్డులు పనిచేసే అపార్ట్‌మెంట్ సంఘం పెద్దలను కలిస్తే, బూట్ల సంగతి ఏజెన్సీ చూసుకుంటుందని, అందులో తమకు సంబంధం లేదని చెప్పారు. ఏజెన్సీ మేనేజరు గారేమో, సంఘం ఇచ్చే రేటుకు అంతకంటే మంచి బూట్లు రావని నోటిమాటగా అన్నారు. ఇద్దరూ ఎదుటివారి వైపు చూపించారు. మధ్యలో నిలబడ్డ మనిషి మాత్రం ఆ బూట్లతోనే నిలబడి ఉన్నాడు.

గార్డులు తామే ఎందుకు అడగరని మీరు అనుకోవచ్చు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ కాపలా కాస్తున్న, యాభై దాటిన ఒక పెద్దమనిషిని నేను బాబాయ్ అని పిలుస్తాను. ఆయననే ఆ మాట అడిగాను. "కాళ్లు నొప్పంటే నీకు వయసైపోనాది, ఇంటికెళ్లిపో అంటారు బాబూ" అన్నాడు. అందుకే ఈ లేఖ కింద ఏ గార్డు సంతకమూ లేదు.

ముందుగా ఆ బూటు సంగతి చెప్పాలి, ఎందుకంటే పైనుంచి చూసేవారికి అది పాలిష్‌తో మెరుస్తూ చక్కగానే కనిపిస్తుంది. పైభాగం తోలు కాదు, రెగ్జిన్. అది చెమటను పీల్చదు, గాలిని పోనివ్వదు, ఎన్నాళ్లు తొడిగినా పాదం వెడల్పుకు తగ్గట్టు సాగదు. మడమ చుట్టూ గట్టిగా నిలిచి పాదాన్ని పట్టి ఉంచవలసిన చోట పలుచని అట్ట ఉంటుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. మంచి బూటులో మడమకూ వేళ్ల మూలానికీ మధ్య, పాదం వంపు కింద, ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. పనివాళ్లు దాన్ని షాంక్ అంటారు. బూటు వేళ్ల దగ్గర వంగాలి తప్ప నడిమధ్యలో వంగకూడదు, అక్కడ వంగకుండా ఆపేది ఆ పట్టీయే. నేను విప్పిన గార్డుల బూట్లలో అది కనిపించినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సోలు పీవీసీ, దానికి కుట్టు ఉండదు, సొల్యూషన్‌తో అంటించినదే. సోలు అంచున కుట్టులా కనిపించే గీతలు అచ్చులో పోసినవి.

జూలైలో పెద్దవాన కురిసిన మర్నాడు పొద్దున్నే ఒక గార్డు తెచ్చిన జతను విప్పాను. లోపల పాదం ఆనే ఇన్‌సోల్ బూడిద రంగు అట్ట. అది నీళ్లు తాగి ఉబ్బి, పొరలు విడిపోయి, మడమ కింద గుంటపడి, వేళ్ల కింద ఉండలు కట్టింది. వేలితో రాస్తే ఊడివచ్చిన ఆ ముద్దలో పాత కాగితాల తునకలు, వాటి మీద అచ్చు అక్షరాల ముక్కలు కూడా కనిపించాయి. ఆ ఉండల మీద ఆ మనిషి అంతకుముందు రాత్రి 8 గంటల నుంచి పొద్దున 8 దాకా నిలబడి, డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరకు వచ్చాడు. బూటు విప్పగానే మేజోడు మడమ దగ్గర పాదానికి అతుక్కుని ఉంది. బొబ్బ చితికి, ఆరి, మళ్లీ చితికిన చోట గుడ్డ అంటుకుపోయింది. నా దగ్గరున్న సీసాలోని నీళ్లు పోసి, నానబెట్టి, మెల్లగా తీశాము.

ఇప్పుడు నియమాల మాట. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది, దాని కింద కేంద్ర ప్రభుత్వం 2006లో నమూనా నియమాలు ఇచ్చింది, 2020లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చింది. రాష్ట్రాలు చేసుకునే నియమాలు వీలైనంత వరకు నమూనా నియమాలకు అనుగుణంగా ఉండాలని చట్టమే చెబుతోంది. డ్యూటీలో ఉన్న గార్డు ఏమేం ధరించాలో 2006 నాటి నమూనా నియమాలు వివరంగా చెప్పాయి: భుజానికి బ్యాడ్జీ, తాడుతో విజిల్, తలకు టోపీ, లేసులు, లేసులు దూర్చే కంతలు ఉన్న బూట్లు. విజిల్ ఎడమ జేబులో ఉండాలని కూడా రాశారు. దుస్తులు మరీ బిగుతుగా గానీ, మరీ వదులుగా గానీ ఉండి కాళ్లూ చేతుల కదలికకు అడ్డు రాకూడదని రాశారు. బూటు గురించి మాత్రం లేసుల దగ్గరే ఆగిపోయారు. అది కాలికి పట్టాలని గానీ, లోపల ఏముండాలని గానీ ఒక్క మాట లేదు.

అవే నియమాలు గార్డుగా చేరేవారికి చదును పాదాలు ఉండకూడదని, ఒక కిలోమీటరు దూరాన్ని ఆరు నిమిషాల్లో పరుగెత్తగలగాలని అన్నాయి. ప్రతి 12 నెలలకు ఒకసారి వైద్య పరీక్ష చేయించి, చేరేనాటి దేహదారుఢ్యం ఇంకా ఉందో లేదో చూసుకోవలసిన బాధ్యత ఏజెన్సీదేనని కూడా అన్నాయి. మంచి పాదాలున్నవారినే ఏరి తీసుకుంటున్నప్పుడు, ఆ పాదాలు చెడకుండా చూడవలసిన బాధ్యత కూడా తీసుకున్నవారి మీద ఉండదా? ఏడాదికోసారి జరగవలసిన ఆ పరీక్ష గురించి నా దగ్గరకు వచ్చే గార్డులను అడిగాను. తన పాదాలను ఎవరైనా చూశారని చెప్పినవారు నాకు ఒక్కరూ తగలలేదు.

నేను వైద్యుణ్ని కాను. అయినా ఇన్నేళ్లలో చూసినదాన్ని, మా వీధి చివర ఆసుపత్రిలో ఎముకల డాక్టరు గారు ఓపికగా వివరించినదాన్ని కలిపి, ఈ బూట్ల వల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్ని కింద రాస్తున్నాను.

1. మడమ నొప్పి. మనిషి పాదంలో 26 ఎముకలు ఉంటాయి. అరికాలి కింద, మడమ నుంచి వేళ్ల దాకా, ధనుస్సుకు కట్టిన నారిలాగా ఒక గట్టి పట్టీ ఉండి ఆ వంపును నిలబెడుతుంది. కింద ఆసరా లేని, నడుమ వంగిపోయే బూటులో గంటల తరబడి సిమెంటు నేల మీద నిలబడితే, ఆ పట్టీ మడమ ఎముకకు అతుక్కునే చోట లాగుడు పడి వాచిపోతుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టు ఉంటుందని, పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుందని, సాయంత్రానికి మళ్లీ మొదలవుతుందని గార్డులు నాకు చెప్పేది సరిగ్గా ఇదే జబ్బు లక్షణమట. కొందరు పాత రబ్బరు చెప్పును మడమ ఆకారంలో కోసి బూటులో పెట్టమని అడుగుతారు. పెడతాను. మడమ పైకి లేచి, ముందు వేళ్లు ఇరుక్కుంటాయి. ఒక నొప్పి తగ్గి ఇంకొకటి వస్తుంది.

2. వేళ్ల బాధ. మా తాత చెప్పులు కుట్టేటప్పుడు మనిషిని నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ బొగ్గుతో గీత గీసేవాడు. ఒకే మనిషికి రెండు పాదాలు సమానంగా ఉండవని, కూర్చున్నప్పటి పాదం వేరు, బరువు మోపిన పాదం వేరని ఆయనకు తెలుసు. ఈనాటి బూట్లకు పొడవు అంకె తప్ప వెడల్పు లెక్క లేదు, ఆ అంకె కూడా బ్రిటిష్ వారి కొలతల నుంచి వచ్చినదే. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ వారు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిచి, మనవారి పాదాలు ముందుభాగంలో యూరప్ వారి పాదాల కంటే వెడల్పుగా ఉంటాయని తేల్చారు. దాని ఆధారంగా "భా" పేరుతో మనదైన కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. ఇరుకు ముక్కు ఉన్న, సాగని రెగ్జిన్ బూటులో వెడల్పు పాదాన్ని దూరిస్తే చిటికెనవేలి మీద ఆనెకాయలు, గోరు మాంసంలోకి దిగడం, బొటనవేలు పక్కకు వాలి దాని మూలంలో ఎముక బయటికి పొడుచుకు రావడం లాంటివి వస్తాయి.

ఇందులో మహిళా గార్డుల పరిస్థితి మరీ అన్యాయం. ఆడవారి సైజులు స్టాకులో లేవని మగవారి బూట్లే ఇస్తున్నారు. ఒక చెల్లెమ్మ రెండు జతల మేజోళ్లు తొడిగి, ముందు దూది కుక్కి, లేసులు పాదం మీద అచ్చు పడేంత బిగించి కట్టుకుని వచ్చింది. బూటు లోపల మడమ పైకీ కిందికీ జారి జారి, చీలమండ వెనుక నరం మీది చర్మం మొత్తం ఒరుసుకుపోయింది. ఆమె బూటు విప్పింది కూడా తన కోసం కాదు, సోలు ఊడిందని సూపర్‌వైజరు కోప్పడితే అంటించుకోవడానికి.

3. షుగరు ఉన్నవారికి ప్రమాదం. మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం అంచనా వేసింది. గార్డుల్లో నడివయసు దాటినవారు ఎక్కువ. షుగరు ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, చెప్పు కరిచినా తెలియదు, పుండు మానదు.

పైన చెప్పిన బాబాయ్ సంగతి ఇదే. ఒకరోజు బూటు వదులైందని తెచ్చి ఇచ్చాడు. నా అలవాటు కొద్దీ లోపల చెయ్యి పెట్టి తడిమితే మడమ దగ్గర ఏదో గుచ్చుకుంది. మడమకు కొట్టిన మేకు, అట్ట అరిగిపోవడంతో, గింజంత పైకి వచ్చి ఉంది. కాలు చూపించమన్నాను. మేజోడుకు రూపాయి బిళ్లంత నల్లటి మరక, దాని వెనుక మడమలో గుంట. ఆ మేకు ఎన్నాళ్లుగా దిగుతోందో ఆయనకు తెలియదు, నొప్పి కూడా లేదన్నాడు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. మూడు నెలలూ జీతం లేదు. కాలు పోకుండా బయటపడ్డాడు గానీ, తిరిగి వెళ్లేసరికి ఆ గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. ఇప్పుడు ఇంకొక చోట, తక్కువ జీతానికి, రాత్రి కాపలా కాస్తున్నాడు.

4. మోకాళ్లు, నడుము. నొప్పి ఉన్న పాదాన్ని కాపాడుకోవడానికి మనిషి బరువును రెండో కాలి మీద వేస్తాడు, ఒక పక్కకు ఒరిగి నిలబడతాడు, ఆ భారం మోకాలికీ నడుముకూ ఎక్కుతుంది. ఆ నొప్పికి మందుల షాపులో చీటీ లేకుండా కొన్న మాత్రలు వేసుకుని డ్యూటీకి వెళ్లేవారు నాకు చాలామంది తెలుసు. ఆ మాత్రలు రోజూ మింగితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటని డాక్టరు గారు చెప్పారు.

5. డబ్బు. ఈ బూటు ఒక జత నాలుగు నెలలు మించి రావడం నేను చూడలేదు. ఈలోగా రెండు మూడు సార్లు అంటించడానికి, ఒకసారి మడమ మార్చడానికి నా దగ్గరకు వస్తారు. కొందరికి మొదటి జత డబ్బులే జీతంలో కోసుకున్నారు. రెండో జత బయట కొనుక్కుంటే మళ్లీ అదే రకం, ఎందుకంటే వారి చేతిలో ఉన్న డబ్బుకు అదే వస్తుంది. నిజానికి ఈ బూట్లు ఎంత త్వరగా పాడైతే నాకు అంత బేరం. ఆ బేరం నాకు వద్దు. నేను అంటించి ఇచ్చిన బూటులోనే ఆ మనిషి మళ్లీ 12 గంటలు నిలబడతాడని తెలిసి అంటించడం నాకు కష్టంగా ఉంది.

చిన్న తయారీదారుల మీద నేరం మోపడం నా ఉద్దేశం కాదు. టెండరులో బూటుకు ఇంత మాత్రమే అని గీత గీస్తే, ఆ గీత లోపల బూటు చేసేవాడు ముందు కనిపించని చోటనే కోత పెడతాడు: షాంక్ తీసేస్తాడు, ఇన్‌సోల్‌కు అట్ట వేస్తాడు. 2024 ఆగస్టు 1 నుంచి కేంద్ర ప్రభుత్వం పలు రకాల పాదరక్షలకు ఐఎస్ఐ నాణ్యతా ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది, చిన్న తయారీదారులకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు వారి బతుకుతెరువు కోసం ఇచ్చినది. వందల జతలు ఒకేసారి కొనే ఏజెన్సీ దాన్ని సాకుగా చూపి, ఏ ప్రమాణమూ లేని బూటును తన ఉద్యోగి కాలికి తొడగడం న్యాయం కాదు. కొనేవారు సరైన ధర ఇచ్చి, ఇదిగో ఇలా ఉండాలని అడిగితే, చిన్న తయారీదారు కూడా మంచి బూటు చేయగలడు. ఆ పని చేతిలో ఉన్నవారు ఈ దేశంలో తక్కువేమీ లేరు.

కాబట్టి ఈ కింది పనులు చేయాలని కోరుతున్నాను.

1. నియంత్రణాధికారి గారు గార్డుల బూట్లకు కనీస లక్షణాలు నిర్ణయించి ఉత్తర్వు ఇప్పించాలి. నడుమ షాంక్, నీటికి చీకిపోని మెత్తని ఇన్‌సోల్, నొక్కితే లొంగని మడమ పలక, జారని సోలు, వేళ్లు విప్పారేంత వెడల్పు ఉండాలి. ఇవన్నీ చేత్తో వంచి, నొక్కి, ఐదు నిమిషాల్లో పరీక్షించవచ్చు, యంత్రాలు అక్కర్లేదు. ఏజెన్సీ లైసెన్సు ఐదేళ్లకోసారి పునరుద్ధరించేటప్పుడు, తనిఖీలకు వెళ్లినప్పుడు ఒక జత తెప్పించుకుని చూడాలి.

2. ఏటా జరగవలసిన వైద్య పరీక్ష నిజంగా జరగాలి. బూట్లు, మేజోళ్లు విప్పించి పాదాలు చూడాలి, షుగరు పరీక్ష చేయాలి, ఫలితాల కాగితం గార్డు చేతికి ఇవ్వాలి. పాదానికి జబ్బు ఉందని తేలితే అది వైద్యానికి కారణం కావాలి తప్ప, ఉద్యోగం తీసేయడానికి కారణం కాకూడదు. ఈ రెండో మాట రాతపూర్వకంగా లేకపోతే ఎవరూ పాదం చూపించరు.

3. బూట్లు ఇచ్చే ముందు ప్రతి గార్డుకూ రెండు పాదాలూ, నిలబెట్టి, సాయంత్రం పూట కొలవాలి, ఎందుకంటే నిలబడి పనిచేసేవారి పాదాలు సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి. మహిళలకు మహిళల సైజులే తెప్పించాలి. కరిచే బూటును వారం లోపు మార్చుకునే వీలుండాలి. షుగరు ఉండి డాక్టరు చీటీ తెచ్చినవారికి ఎంసీఆర్ (ఒక రకం మెత్తని రబ్బరు) అడుగున్న నల్ల పాదరక్షలు తొడుక్కోవడానికి అనుమతి ఇవ్వాలి. యూనిఫాం కుదరలేదని వారికి జరిమానా వేయకూడదు.

4. ఏడాదికి రెండు జతలు, నాలుగు జతల నూలు మేజోళ్లు ఏజెన్సీ ఖర్చుతోనే ఇవ్వాలి. ఆ డబ్బు జీతంలో కోయకూడదు. వానాకాలంలో బయట నిలబడేవారికి గమ్ బూట్లు వేరుగా ఇవ్వాలి.

5. అపార్ట్‌మెంట్ సంఘాలు, మాళ్లు, ఆసుపత్రులు ఏజెన్సీతో చేసుకునే ఒప్పందంలో బూట్ల ఖర్చును వేరే పద్దుగా రాసి, ఆ పద్దు కింద ఏం కొన్నారో చూపించమని అడగాలి. వందల ఇళ్లున్న సంఘంలో ఆ ఖర్చును పంచుకుంటే ఇంటికి నెలకు పడేది చాలా స్వల్పం. దీనితో పాటు, గేటు దగ్గరి కుర్చీని తీసేయకండి. నిలబడి పనిచేసే కార్మికులకు మధ్య మధ్యలో కూర్చునే వీలు కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 44వ సెక్షన్‌లో రాశారు. ఫ్యాక్టరీలో నిలబడే కాలికి అవసరమైన విశ్రాంతి గేటు దగ్గర నిలబడే కాలికీ అవసరమే. నిద్రపోతారన్న అనుమానంతో కుర్చీ తీసేసిన గేట్లు నా కళ్ల ముందే నాలుగున్నాయి.

6. ఈ విషయం అడిగినందుకు గానీ, నాకు చెప్పినందుకు గానీ ఏ గార్డునూ తొలగించకూడదు, దూరపు పాయింటుకు మార్చకూడదు.

నేను విప్పిన బూట్లలో పదకొండు జతలను పారేయకుండా ఒక గోనెసంచిలో దాచాను. ఏ జత ఎన్ని నెలలు వాడినదో చీటీ రాసి కట్టాను, మనుషుల పేర్లు, ఏజెన్సీల పేర్లు రాయలేదు. అధికారులు గానీ, ఏజెన్సీ వారు గానీ, సంఘాల పెద్దలు గానీ పిలిస్తే ఆ సంచి తీసుకుని ఎక్కడికైనా వస్తాను. లేదా మీరే వచ్చి చూడవచ్చు. ఆదివారం తప్ప రోజూ పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా నేను ఆ బస్టాపు పక్కనే ఉంటాను. రాత్రి డ్యూటీ దిగిన గార్డులు నా దగ్గరకు వచ్చేది పొద్దున 8 నుంచి 9 లోపు. ఆ సమయానికి వస్తే బూట్లతో పాటు పాదాలను కూడా చూడగలుగుతారు.

ఇట్లు,
ఒక చెప్పులు కుట్టే కార్మికుడు,
హైదరాబాద్